అక్కడ నంబరు మారదు... ఇక్కడ హీరో మారడు!

007... ఆ నంబరు వినగానే నల్లకోటు, చేతిలో తుపాకీ, ఎంత ప్రమాదం ముంచుకొచ్చినా చెదరని క్రాపు కళ్లముందు కదులుతాయి. మరి ముఖం? అది మాత్రం ఒక్కొక్కరికి ఒక్కోటి. తాతయ్యకు షాన్ కానరీ, నాన్నకు రోజర్ మూర్, బాబాయికి పియర్స్ బ్రాస్నన్, అబ్బాయికి డేనియల్ క్రేగ్! ఆరుగురు నటులు మారినా జేమ్స్‌బాండ్ మాత్రం అలాగే ఉన్నాడు. మన తెలుగు గూఢచారి సంగతి దీనికి పూర్తిగా తిరగేసినట్టుంటుంది. అతనికి నంబర్లు మారాయి, సినిమాల పేర్లు మారాయి... మనిషి మాత్రం మారలేదు. ఎందుకలా?

నిజామాబాద్ పక్కన మాక్లూర్‌లోనో, బోధన్ చెరుకు పల్లెల్లోనో పెద్దవాళ్లను కదిపి చూడండి. కుర్రతనంలో చూసిన సినిమాల గురించి చెప్పేటప్పుడు కథ పేరు తర్వాత, ముందు హీరో పేరే వస్తుంది. 'కృష్ణ సినిమా వచ్చిందట, పోదామా?' అనేవాళ్లు కానీ '116 వచ్చిందట' అనేవాళ్లు తక్కువ. అసలు రహస్యం ఆ మాటలోనే ఉంది. మనకు పాత్ర కన్నా ఆ పాత్ర వేసినవాడే ముఖ్యం. అందుకే బాండ్ కుర్చీ ఖాళీ అయిన ప్రతిసారీ అక్కడ అంత హడావుడి. ఇక్కడైతే ఆ కుర్చీయే లేదు!

ఆ 'ఇంకొకాయన' వచ్చిన వేళ

ఇయాన్ ఫ్లెమింగ్ నవలల్లోని బాండ్ 1962లో 'డాక్టర్ నో'తో వెండితెరకెక్కాడు. వేసింది షాన్ కానరీ. 1967 వచ్చేసరికి అయిదు సినిమాలు చేశాడు. అప్పటికి బాండ్ అంటే కానరీ, కానరీ అంటే బాండ్. ఆ కీర్తే ఆయనకు బరువైంది. ఇక చాలన్నాడు.

నిర్మాతలు ఆల్బర్ట్ బ్రాకలీ, హ్యారీ సాల్ట్‌జ్‌మన్‌లకు అది పెద్ద పరీక్షే. దుకాణం కట్టేయాలా, కొత్తవాడిని తేవాలా? రెండోదానికే సిద్ధపడ్డారు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన మోడల్ జార్జ్ లేజన్‌బీని ఎంపిక చేశారు. 1969లో వచ్చిన 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్' మొదట్లోనే బాండ్ ఒక అమ్మాయిని కాపాడితే, ఆమె కారెక్కి వెళ్లిపోతుంది. ఇలాంటి అనుభవం ఆ ఇంకొకాయనకు ఎప్పుడూ కాలేదని కొత్త బాండ్ తనలో తాను అనుకుంటాడు. ఆ ఇంకొకాయన ఎవరో హాల్లో ఉన్నవాళ్లందరికీ తెలుసు! మనిషి మారిన సంగతి దాచకుండా, నవ్వుతూనే ఒప్పించాలని చూశారన్నమాట.

లేజన్‌బీ ఒక్క సినిమాతోనే తప్పుకొన్నాడు. మళ్లీ కానరీ దగ్గరికే పరుగు. 1971లో 'డైమండ్స్ ఆర్ ఫరెవర్' కోసం ఆయన తీసుకున్న పారితోషికం పన్నెండున్నర లక్షల డాలర్లు. ఆ సొమ్మును స్కాట్లండ్ పిల్లల చదువుల కోసం పెట్టిన ట్రస్టుకు ఇచ్చేశాడు. ఒక నటుడిని వెనక్కి రప్పించడానికి అంత ఖర్చు పెట్టాక నిర్మాతలకు ఒక విషయం బోధపడి ఉండాలి... ఎల్లకాలం ఒక్కడి మీదే ఆధారపడితే కుదరదని.

మనిషి మారినా ఇల్లు మారలేదు

1973లో రోజర్ మూర్ వచ్చాడు. కానరీని అనుకరించలేదు. కొట్లాటకన్నా చమత్కారానికి పెద్దపీట వేశాడు. 1985 వరకూ ఏడు సినిమాలు చేశాడు. మన ఉదయ్‌పూర్ సరస్సుల మధ్య తీసిన 'ఆక్టోపసి' (1983)లో టెన్నిస్ ఆటగాడు విజయ్ అమృత్‌రాజ్ పక్కన నిలబడ్డదీ ఈ బాండే.

కొత్త ముఖాన్ని జనం ఎలా ఒప్పుకొన్నారు? ఇక్కడే ఉంది కిటుకు. హీరోను మార్చినా చుట్టూ ఉన్నవాళ్లను మార్చలేదు. పై అధికారి 'ఎం'గా బెర్నార్డ్ లీ కానరీకీ, లేజన్‌బీకీ, మూర్‌కూ ఆదేశాలిచ్చాడు. 'ఎం' గది బయట కూర్చునే మనీపెన్నీగా లోయిస్ మాక్స్‌వెల్ 14 సినిమాల్లో కనిపించింది. చిత్రవిచిత్రమైన ఆయుధాలు చేతికిచ్చే 'క్యూ'గా డెస్మండ్ లెవెలిన్ 17 సినిమాల్లో నటించాడు. అయిదుగురు బాండ్‌లను చూసిన పెద్దాయన! పెళ్లికొడుకు కొత్తవాడైనా పెళ్లిపెద్దలు పాతవాళ్లే అయితే చుట్టాలకు కొత్త ఉండదు కదా... అలాగన్నమాట.

జ్ఞాపకాలనూ వదల్లేదు. లేజన్‌బీ బాండ్ పెళ్లాడిన ట్రేసీ అదే సినిమా చివర్లో చనిపోతుంది. పన్నెండేళ్ల తర్వాత 'ఫర్ యువర్ ఐస్ ఓన్లీ'లో ఆమె సమాధి మీద పూలు పెట్టింది ఎవరు? రోజర్ మూర్! ఒకరి భార్యకు ఇంకొకరి నివాళి. హాల్లో ఎవరికీ అది తప్పుగా అనిపించలేదు. ఎందుకంటే పూలు పెట్టింది మూర్ కాదు, బాండ్.

తర్వాతా ఇదే తంతు. 1986లో పియర్స్ బ్రాస్నన్‌ను అనుకున్నారు. అతను టీవీ సీరియల్ ఒప్పందంలో చిక్కుకోవడంతో అవకాశం తిమోతీ డాల్టన్‌కు దక్కింది. డాల్టన్ రెండు సినిమాలు చేశాక కోర్టు వ్యవహారాలతో ఆరేళ్ల విరామం. 1995లో 'గోల్డెన్‌ఐ'తో బ్రాస్నన్ రానే వచ్చాడు. 2005 అక్టోబరులో డేనియల్ క్రేగ్ పేరు ప్రకటించగానే 'రాగిజుట్టు బాండేంటి' అని అభిమానులు గోలపెట్టారు. మరుసటి ఏడాది 'కసీనో రాయల్' విడుదలయ్యాక ఆ గోల సద్దుమణిగింది. అప్పుడూ పాత సూత్రమే. బ్రాస్నన్‌కు 'ఎం'గా ఉన్న జూడీ డెంచ్‌నే క్రేగ్‌కూ 'ఎం'ను చేశారు.

మన గోపి... 116

ఇక మన సంగతి. 'డాక్టర్ నో' వచ్చిన నాలుగేళ్లకే, 1966లో తెలుగులో 'గూఢచారి 116' వచ్చింది. నిర్మాతలు సుందర్‌లాల్ నహతా, డూండీ. దర్శకుడు ఎం.మల్లికార్జునరావు. కథానాయిక జయలలిత. హీరో... అప్పుడప్పుడే పరిశ్రమలో అడుగుపెట్టిన కృష్ణ. అంతకు ముందు ఏడాది ఆదుర్తి సుబ్బారావు తీసిన 'తేనెమనసులు'లో స్కూటరు మీద కారును వెంటాడే సన్నివేశంలో కృష్ణ డూపు లేకుండా చేసిన సాహసం డూండీ కంట్లో పడిందని, అదే ఆయనకు ఈ అవకాశం తెచ్చిపెట్టిందని సినీ జనం నేటికీ చెప్పుకొంటారు.

సినిమా ఘనవిజయం సాధించింది. కృష్ణ 'ఆంధ్రా జేమ్స్‌బాండ్' అయిపోయారు. బ్రిటిష్‌వాళ్లయితే వెంటనే 116కు రెండోభాగం, మూడోభాగం మొదలుపెట్టేవాళ్లు. మనవాళ్లేం చేశారు? 116ను అక్కడే వదిలేసి కృష్ణను పట్టుకున్నారు! 1971లో కె.ఎస్.ఆర్.దాస్ దర్శకత్వంలో 'జేమ్స్‌బాండ్ 777', 1978లో 'ఏజెంట్ గోపి', 1981లో 'రహస్య గూఢచారి', 1989లో 'గూఢచారి 117'. ప్రతిసారీ కొత్త కథ, కొత్త పేరు... అదే కృష్ణ. మధ్యలో 1983లో చిరంజీవి 'గూఢచారి నెం.1' చేసినా, అది ఆయన సొంత నంబరు. కృష్ణ నంబరును ఆయన తీసుకోలేదు, తీసుకోవాలని ఎవరూ అడగలేదు.

పొరుగున కన్నడంలో రాజ్‌కుమార్ కూడా గూఢచారి వేషం కట్టారు. అయితే అక్కడ 1968 నాటి 'జేడర బలె' నుంచి 1978 నాటి 'ఆపరేషన్ డైమండ్ రాకెట్' వరకూ నాలుగు సినిమాల్లోనూ ఆయన సీఐడీ 999 ప్రకాషే. నంబరూ మారలేదు, నటుడూ మారలేదు. ఆయన మానేశాక 999 కూడా ఆగిపోయింది.

హిందీకెళ్లి వేషం మార్చిన 116

మన 116కు ఒకసారి వేరే ముఖం వచ్చింది. అదీ మన గడ్డ దాటాకే! 'గూఢచారి 116'కు ఛాయాగ్రహణం అందించిన రవికాంత్ నగాయిచ్ 1967లో అదే కథను హిందీలో 'ఫర్జ్'గా తీశారు. గోపి అక్కడ గోపాల్ అయ్యాడు. నంబరు మాత్రం అదే 116. వేసింది జితేంద్ర. ఆయనకు పెద్ద హీరోగా పేరు తెచ్చిన సినిమా అది.

అసలు విశేషం తర్వాత జరిగింది. 1973లో నగాయిచ్ 'కీమత్' తీశారు. అందులోనూ ఏజెంట్ 116 గోపాలే హీరో. కానీ ఈసారి ఆ వేషంలో కనిపించింది ధర్మేంద్ర! 1982లో 'రక్షా'తో 116 మళ్లీ జితేంద్ర చేతికొచ్చింది. కానరీ వెళ్లడం, లేజన్‌బీ రావడం, మళ్లీ కానరీ రావడం... అచ్చం అలాగే. మద్రాసు స్టూడియోలో పుట్టిన తెలుగు గూఢచారి బొంబాయి చేరాక బాండ్ పద్ధతి నేర్చుకున్నాడన్నమాట.

మనదగ్గర ఎందుకు కుదరలేదు?

మొదటిది, పాత్రకు యజమాని లేకపోవడం. బాండ్‌కు ముందు నవలలున్నాయి. హక్కులున్నాయి. వాటిని ఒకే నిర్మాణ సంస్థ దశాబ్దాలపాటు గుప్పిట్లో పెట్టుకుంది. నటుడు వెళ్లిపోతే నష్టపోయేది సంస్థే కాబట్టి మరొకరిని వెతికే బాధ్యత దానిదే. మన 116 ఒక సినిమా వరకే. తర్వాతి గూఢచారి చిత్రాల్లో కొనసాగింది కృష్ణ పేరే. ఆ పేరే పెట్టుబడి, ఆ పేరే హక్కు పత్రం.

రెండోది, అభిమానం. తన హీరో వేసిన వేషం ఇంకొకరు వేస్తే అభిమాని మనసు ఊరుకోదు. అది పోలికకు దారితీస్తుంది, పోలిక పోట్లాటకు. అంత తలనొప్పి ఏ నిర్మాతకు కావాలి?

అలాగని తెలుగువాళ్లకు పాత్రను ప్రేమించడం రాదనుకుంటే పొరపాటే. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ను, మధుబాబు షాడోను అద్దె పుస్తకాల షాపుల్లో ఎగబడి చదివారు. షాడోకు ప్రతి పాఠకుడూ తనకు నచ్చిన ముఖమే పెట్టుకున్నాడు. ఎవరితోనూ పేచీ రాలేదు!

చిందు మేళం ఎప్పుడో చెప్పింది

ఇంకా వెనక్కి వెళితే మన ఊరి నడిబొడ్డునే జవాబు దొరుకుతుంది. బోధన్ ప్రాంతంలోని అమ్దాపూర్‌కు చెందిన చిందుల ఎల్లమ్మ పేరు నిజామాబాద్ జిల్లాలో తెలియనివాళ్లు అరుదు. చిందు భాగవతానికి జీవితం అంకితం చేసి, 2005లో కన్నుమూసిన కళాకారిణి. ఆడవేషాలే కాదు, మగవేషాలూ కట్టి మెప్పించారు. చిందు మేళాల్లో వేషం ఒక మనిషి సొత్తు కాదు. తల్లిదండ్రులు కట్టిన వేషాన్ని పిల్లలు అందుకుంటారు. ఈ ఏడు కృష్ణుడిగా వచ్చినవాళ్లే వచ్చే ఏడూ రావాలని ఊరు పట్టుబట్టదు. కృష్ణుడు వస్తే చాలు!

అంటే పాత్ర ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి వెళ్లడం మనకు కొత్త విద్యేం కాదు. వీధి భాగవతంలో ఉన్న ఆ అలవాటు సినిమాహాలు గుమ్మం దగ్గర ఆగిపోయింది. తెరమీద ముఖం పెద్దదై వేషాన్ని కమ్మేసింది.

పేరు బతికింది

కృష్ణ 2022 నవంబరు 15న కన్నుమూశారు. 'ఆంధ్రా జేమ్స్‌బాండ్' అని రాయని పత్రిక లేదు. ఆయన కుమారుడు మహేష్‌బాబు చిన్నతనంలో 'గూఢచారి 117'లో తండ్రి పక్కన నటించారు. పెద్దయ్యాక 2017లో 'స్పైడర్'లో ఇంటెలిజెన్స్ ఉద్యోగిగానూ కనిపించారు. కానీ 116 నంబరుతో రాలేదు. కన్నకొడుకైనా ఆ వేషాన్ని తీసుకోలేదంటే దాని మీద కృష్ణ ముద్ర ఎంత బలమైందో అర్థంచేసుకోవచ్చు.

అయినా ఒక సన్నని దారం తెగకుండా మిగిలింది. 2018లో అడివి శేష్ కథానాయకుడిగా, శశికిరణ్ తిక్కా దర్శకత్వంలో 'గూఢచారి' వచ్చింది. అందులో హీరో అర్జున్‌గా పెరుగుతాడు. అసలు పేరు మాత్రం... గోపి! కృష్ణ వేసిన గూఢచారి పేరే. కథ వేరు, కాలం వేరు. పేరు మాత్రం చేతులు మారింది. దానికి రెండోభాగాన్నీ ప్రకటించారు. మరోవైపు 'హిట్' చిత్రాల్లో 2020లో విష్వక్‌సేన్, 2022లో అడివి శేష్, 2025లో నాని వరుసగా పోలీసు అధికారులుగా వచ్చారు. పాత్రలు వేర్వేరే అయినా, హీరో మారినా సిరీస్ నడుస్తుందని తెలుగు ప్రేక్షకుడు ఒప్పుకొన్నట్టే కదా!

అక్కడ బాండ్ ఇల్లూ చేతులు మారింది. 'నో టైమ్ టు డై' (2021)లో క్రేగ్ బాండ్ ఏకంగా చనిపోయాడు. 2025 ఫిబ్రవరిలో బ్రాకలీ కుటుంబం సృజనాత్మక పగ్గాలను అమెజాన్ ఎంజీఎంకు అప్పగించింది. అదే ఏడాది జూన్‌లో దర్శకుడిగా డెనీ విల్నవ్ పేరు ప్రకటించారు. చచ్చిన బాండ్‌ను కూడా మళ్లీ బతికించే ధైర్యం వాళ్లకు ఉందంటే, అది నంబరు మీద నమ్మకమే.

మన నమ్మకం మనిషి మీద. అందులో ప్రేమ ఉంది... అతనితోపాటే పాత్రా వెళ్లిపోతుందన్న బాధా ఉంది. చిందు మేళంలో కిరీటం ఒకరి తల నుంచి మరొకరి తలకు మారినంత తేలిగ్గా, గోపి ఇంకో తరానికి అందితే కృష్ణ చిన్నబోరు. ఆ వేషం మొదట కట్టిందెవరని మనవలు అడిగినప్పుడల్లా తాతలు చెప్పే పేరు ఆయనదే!

ఎవరు... ఎన్ని?

షాన్ కానరీ (1962-67, 1971): 6
జార్జ్ లేజన్‌బీ (1969): 1
రోజర్ మూర్ (1973-85): 7
తిమోతీ డాల్టన్ (1987-89): 2
పియర్స్ బ్రాస్నన్ (1995-2002): 4
డేనియల్ క్రేగ్ (2006-21): 5

(ఇవన్నీ బ్రాకలీ కుటుంబ సంస్థ తీసినవే. కానరీ 1983లో వేరే నిర్మాతల 'నెవర్ సే నెవర్ ఎగైన్'లోనూ బాండ్‌గా కనిపించారు.)