'గేట్‌' దాటాలంటే సెమిస్టర్‌ చదువు చాలదు

చీరాల: మగ్గం గుంటలో కూర్చొని పడుగు, పేక కలిపే ఇంటిలోనే ఒక మూల ఇంజినీరింగ్‌ పుస్తకాలు కనిపించడం చీరాల, పేరాల, జాండ్రపేట, వేటపాలెం ప్రాంతాలలో ఏనాడో మామూలైపోయింది. పట్టణంలోని సెయింట్‌ ఆన్స్‌ కళాశాలలోనో, రైలెక్కితే కొద్దిసేపట్లో చేరుకునే బాపట్ల ఇంజినీరింగ్‌ కళాశాలలోనో ఎలక్ట్రానిక్స్‌ అండ్‌ కమ్యూనికేషన్‌ (ఈసీఈ) చదివే పిల్లలు చేనేత కుటుంబాలలో ఉన్నారు, పర్చూరు, మార్టూరు వైపు పత్తి, మిరప పండించే రైతు కుటుంబాలలోనూ ఉన్నారు. నాలుగో సంవత్సరానికి వచ్చేసరికి ఈ ఇళ్లన్నింటిలో ఒకే ప్రశ్న తలెత్తుతుంది. ప్రాంగణ నియామకాలలో దొరికిన సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగంతో సరిపెట్టుకోవాలా, చదివిన ఎలక్ట్రానిక్స్‌లోనే ముందుకు వెళ్లాలా? రెండో దారి ఎంచుకున్నవారికి మొదట ఎదురయ్యేది 'గేట్‌'. మిరప ధర పడిపోయిన ఏడాదిలోనో, నూలు ధర పెరిగిన ఏడాదిలోనో ఈ నిర్ణయం తీసుకోవలసివస్తే ఆ భారం విద్యార్థి ఒక్కడిదే కాదు, ఇంటిల్లిపాదిదీ. అందువల్ల పరీక్ష స్వభావమేమిటో తల్లిదండ్రులు కూడా కొంత తెలుసుకోవడం అవసరం.

పరీక్ష తీరు

బెంగళూరులోని భారత విజ్ఞాన సంస్థ, ఏడు ఐఐటీలు (బొంబాయి, ఢిల్లీ, గువాహటి, కాన్పూర్‌, ఖరగ్‌పూర్‌, మద్రాసు, రూర్కీ) కలిసి ఈ పరీక్షను నిర్వహిస్తాయి. ఏటా వీటిలో ఒక సంస్థ బాధ్యత వహిస్తుంది. సాధారణంగా ఆగస్టు, సెప్టెంబరు ప్రాంతంలో దరఖాస్తులు స్వీకరిస్తారు. ఫిబ్రవరిలో పరీక్ష జరుగుతుంది, మార్చిలో ఫలితాలు వెలువడతాయి. బీటెక్‌ మూడో సంవత్సరం విద్యార్థులు కూడా రాయవచ్చు. స్కోరు మూడేళ్లపాటు చెల్లుతుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ అభ్యర్థులకు రుసుములో సగం రాయితీ ఉంది.

ఈసీ పేపరులో 65 ప్రశ్నలు, 100 మార్కులు, మూడు గంటల సమయం. ఇందులో సాధారణ అభిరుచి (జనరల్‌ ఆప్టిట్యూడ్‌) 15 మార్కులు, ఇంజినీరింగ్‌ గణితం 13 మార్కులు పోగా మిగిలిన 72 మార్కులు ఈసీఈ పాఠ్యాంశాలవి. మొత్తం కంప్యూటర్‌ తెరపైనే రాయాలి. సొంత కాలిక్యులేటర్‌ను అనుమతించరు. తెరపై కనిపించేదానినే మౌస్‌తో నొక్కుకోవాలి. ఇది చిన్న విషయంగా అనిపిస్తుంది కాని, కళాశాలలో నాలుగేళ్లూ చేతి కాలిక్యులేటర్‌కు అలవాటుపడిన వేళ్లు ఆ రోజున తడబడతాయి. ఇంట్లో సాధన చేసే రోజుల నుంచే కంప్యూటర్‌ కాలిక్యులేటర్‌ వాడడం మంచిది.

తేడా ఎక్కడుంది?

మన కళాశాలల్లో నూటికి డెబ్బై, ఎనభై తెచ్చుకున్న విద్యార్థి కూడా గేట్‌ ప్రశ్నపత్రం చూసి నిర్ఘాంతపోతుంటాడు. తెలివి తక్కువై కాదు. సెమిస్టర్‌ పరీక్ష అడిగేది వేరు, గేట్‌ అడిగేది వేరు. 'థెవెనిన్‌ సిద్ధాంతమును నిర్వచించి నిరూపింపుము' అంటుంది సెమిస్టర్‌ పేపరు. ముందురోజు రాత్రి ఆల్‌ ఇన్‌ వన్‌ పుస్తకం తిరగేసినవాడు నాలుగు పేజీలు నింపగలడు. గేట్‌లో సిద్ధాంతం పేరే ఉండదు. ఒక డిపెండెంట్‌ సోర్స్‌, రెండు రెసిస్టర్లు ఉన్న సర్క్యూట్‌ ఇచ్చి, లోడ్‌కు గరిష్ఠ శక్తి అందాలంటే ఎన్ని ఓములు ఉండాలని అడుగుతుంది. థెవెనిన్‌ను ఇక్కడ వాడాలని గుర్తించడమే సగం జవాబు.

పైగా కొన్ని ప్రశ్నలకు ఆప్షన్లే ఉండవు, సంఖ్యను అభ్యర్థే టైపు చేయాలి. ఒక ఉదాహరణ చూద్దాం. 10 కిలో ఓముల రెసిస్టర్‌, 10 మైక్రో ఫారడ్‌ల కెపాసిటర్‌ వరుసగా కలిపి 10 వోల్టుల సరఫరా ఇచ్చారు. ఖాళీగా ఉన్న కెపాసిటర్‌ 5 వోల్టులకు చేరడానికి ఎంతసేపు పడుతుంది? రెండింటి లబ్ధం, అంటే టైమ్‌ కాన్‌స్టెంట్‌ 0.1 సెకను. దానిని 2 యొక్క సహజ సంవర్గమానంతో (0.693) గుణిస్తే 69.3 మిల్లీసెకన్లు. సూత్రం అందరికీ వస్తుంది. తొందరలో సున్నా ఒకటి జారి 6.93 అని టైపు చేసేవారే ఎక్కువ. ఒక టైమ్‌ కాన్‌స్టెంట్‌లో కెపాసిటర్‌ 63 శాతం నిండుతుందని మనసులో ఉన్నవాడికి, సగం నిండడానికి 100 మిల్లీసెకన్ల కన్న కొంచెం తక్కువ పట్టాలని ముందే తెలుసు. కాబట్టి 6.93 కనిపించగానే అనుమానం వస్తుంది. ఈ అనుమానం రావడమే నిజమైన సన్నద్ధత. అది గైడు చదివితే రాదు, లెక్కలు చేయగా చేయగా వస్తుంది.

ముందు నెట్‌వర్క్స్‌, సిగ్నల్స్‌

పాఠ్యప్రణాళికలో నెట్‌వర్క్స్‌, సిగ్నల్స్‌ అండ్‌ సిస్టమ్స్‌, ఎలక్ట్రానిక్‌ డివైసెస్‌, అనలాగ్‌ సర్క్యూట్స్‌, డిజిటల్‌ సర్క్యూట్స్‌, కంట్రోల్‌ సిస్టమ్స్‌, కమ్యూనికేషన్స్‌, ఎలక్ట్రోమాగ్నెటిక్స్‌ ఉన్నాయి. చాలామంది తేలికగా తోచే డిజిటల్‌తో మొదలుపెడతారు. ఉత్సాహం కోసమైతే పర్వాలేదు. కాని ఇల్లు కట్టేటప్పుడు పునాది ఎక్కడ వేయాలో అక్కడే వేయాలి. నెట్‌వర్క్స్‌ రానివాడికి అనలాగ్‌ సర్క్యూట్లు రావు. సిగ్నల్స్‌లో లాప్లాస్‌, ఫోరియర్‌ పరివర్తనలు, కన్వల్యూషన్‌ పట్టుబడనిదే కంట్రోల్‌ సిస్టమ్స్‌ గాని, కమ్యూనికేషన్స్‌ గాని ముందుకు సాగవు. ఈ రెండు విషయాలపై మొదటి రెండు నెలలు వెచ్చించినా వృథా కాదు.

కమ్యూనికేషన్స్‌ను మన నిత్యజీవితంతో ముడిపెట్టి చదివితే తొందరగా తలకెక్కుతుంది. మాటను 4 కిలోహెర్ట్జ్‌ వరకు పరిమితం చేసి, దానికి రెట్టింపుగా సెకనుకు 8 వేల శాంపిళ్లు తీసి, ఒక్కో శాంపిల్‌కు 8 బిట్లు కేటాయిస్తే సెకనుకు 64 వేల బిట్లు. డిజిటల్‌ ఎక్స్ఛేంజీలలో ఒక్కో ఫోన్‌ సంభాషణకు ప్రామాణికంగా కేటాయించినది ఈ వేగాన్నే. ఈ ఒక్క లెక్కలో నైక్విస్ట్‌ సూత్రమూ ఉంది, పల్స్‌ కోడ్‌ మాడ్యులేషనూ ఉంది.

డిజిటల్‌ గురించి మన ప్రాంతపు విద్యార్థికి వేరే ఉదాహరణ అక్కరలేదు. జకార్డు మగ్గంపై అట్టకు రంధ్రం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఒకటి, సున్నా. 19వ శతాబ్ది ఆరంభంలో ఫ్రాన్సులో రూపొందిన ఆ అట్టల పద్ధతినే చార్లెస్‌ బాబేజ్‌ తన గణన యంత్రం నమూనాలో వాడదలచాడు. అంచు డిజైన్‌కు అట్టలు కుట్టే ఇంటి బిడ్డ ట్రూత్‌ టేబుల్‌ను చూసి భయపడనవసరం లేదు.

ఒక హెచ్చరిక. సీనియర్ల నుంచి చేతులు మారి వచ్చే పాత గైడ్లలో 8085 మైక్రోప్రాసెసర్‌పై పేజీలకు పేజీలు ఉంటాయి. 2021లో పాఠ్యప్రణాళిక సవరించినప్పుడు దానిని తొలగించి, కంప్యూటర్‌ ఆర్గనైజేషన్‌ను చేర్చారు. పుస్తకం తెరిచేముందు తాజా పాఠ్యప్రణాళికను పక్కన పెట్టుకొని అవసరం లేని అధ్యాయాలను కొట్టివేసుకోవాలి.

ఎలక్ట్రోమాగ్నెటిక్స్‌ అంటే పారిపోయేవారు ఎక్కువ. మొత్తం వదిలివేయడం కన్న ట్రాన్స్‌మిషన్‌ లైన్ల వరకైనా పట్టుకోవడం మేలు. 50 ఓముల లైనును 200 ఓముల లోడ్‌కు జతపరచాలంటే మధ్యలో పెట్టే పావు తరంగదైర్ఘ్యపు లైను 100 ఓములది కావాలి. రెండింటినీ గుణించి వర్గమూలం తీయడమే. ఇలాంటి ప్రశ్నలు రెండు నిమిషాలలో తేలిపోతాయి. గణితంలోనూ అంతే. మాత్రిక ఐగెన్‌ విలువల మొత్తం కర్ణం మీది సంఖ్యల మొత్తానికి, వాటి లబ్ధం డిటర్మినెంట్‌కు సమానమని గుర్తుంటే చాలాసార్లు పూర్తి లెక్క చేయకుండానే జవాబు బయటపడుతుంది.

ఇక సాధారణ అభిరుచి విభాగాన్ని చివరి వారానికి నెట్టడం మన విద్యార్థుల పాత అలవాటు. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివినవారు అందులోని ఇంగ్లిషుకు జంకుతారు. పది ప్రశ్నలకు 15 మార్కులు, అంటే గణితం కన్న ఎక్కువ. రోజుకు అరగంట ఇంగ్లిషు పత్రిక చదవడం, శాతాలు, నిష్పత్తుల లెక్కలు కొన్ని చేయడం మొదటి నెల నుంచే ఉండాలి.

రుణాత్మక మార్కుల లెక్క

నాలుగు ఆప్షన్లలో ఒకటి ఎంచుకునే ప్రశ్నలకు మాత్రమే తప్పు జవాబుకు కోత ఉంది. ఒక మార్కు ప్రశ్నకు మూడోవంతు, రెండు మార్కుల ప్రశ్నకు మూడింట రెండు వంతులు పోతాయి. సంఖ్యను టైపు చేసే ప్రశ్నలకు, 2021 నుంచి ప్రవేశపెట్టిన ఒకటి లేదా అంతకుమించి సరైన జవాబులు ఉండే ప్రశ్నలకు కోత లేదు. అయితే ఈ రెండో రకంలో సరైన ఆప్షన్లన్నీ గుర్తిస్తేనే మార్కులు, సగం గుర్తిస్తే సగం మార్కులు ఇవ్వరు.

దీనిని బట్టి ఒక చిన్న లెక్క వేసుకోవచ్చు. ఏమీ తెలియక గుడ్డిగా పెడితే నాలుగింటిలో ఒకసారి రెండు మార్కులు వస్తాయి, మూడుసార్లు మూడింట రెండు వంతుల చొప్పున మొత్తం రెండు మార్కులు పోతాయి. లాభమూ లేదు, నష్టమూ లేదు, సమయం మాత్రం దండుగ. ఒక్క ఆప్షన్‌ కచ్చితంగా తప్పని తేల్చగలిగితే సగటున లాభం మనవైపు ఉంటుంది. అందుచేత 'తెలియనిది ముట్టుకోవద్దు' అనే సలహాను అక్షరాలా పాటించనవసరం లేదు. కోత లేని ప్రశ్నను ఖాళీగా వదలడమైతే ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

హైదరాబాద్‌ వెళ్లాలా?

ఇంట్లో పెద్దలను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. బీటెక్‌ ముగిశాక ఏడాదిపాటు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉంచి శిక్షణ ఇప్పించాలంటే ఫీజు, హాస్టల్‌ కలిపి చిన్న కుటుంబం మోయగలిగిన భారం కాదు. అప్పు చేసి పంపాక ర్యాంకు రాకపోతే ఆ పిల్లవాడు ఊరికి తిరిగి రావడానికే సంకోచిస్తాడు. శిక్షణ పనికిరాదని అనడం లేదు. క్రమం తప్పని పరీక్షలు, పోటీ వాతావరణం కొందరికి అవసరం. కాని అప్పు పత్రం మీద సంతకం పెట్టేముందు ఒక పరీక్ష ఇంట్లోనే పెట్టుకోవచ్చు. మూడో సంవత్సరం వేసవిలో నెట్‌వర్క్స్‌, సిగ్నల్స్‌, గణితం సొంతంగా చదివి, గడియారం ఎదురుగా పెట్టుకొని పాత ప్రశ్నపత్రంలో ఆ మూడింటికి సంబంధించిన ప్రశ్నలు చేయాలి. సగానికి పైగా వస్తే ఆ విద్యార్థికి కావలసింది సమయం, సాధన. పాఠం చదివినా ప్రశ్న అర్థం కాకపోతే బోధన అవసరం, అది ముందుగా తన కళాశాల అధ్యాపకుల వద్దే దొరుకుతుందేమో చూడాలి.

ఖర్చులేని వనరులు తక్కువేమీ కాదు. ఐఐటీలు, భారత విజ్ఞాన సంస్థ కలిసి 2003లో ప్రారంభించిన ఎన్‌పీటెల్‌లో ఈసీఈ పాఠాలన్నింటికీ అక్కడి ఆచార్యుల వీడియో ప్రసంగాలు ఉన్నాయి. గత ప్రశ్నపత్రాలు, జవాబుల పట్టికలు గేట్‌ అధికారిక వెబ్‌సైట్‌లోనే లభిస్తాయి. పుస్తకాలలో డిజిటల్‌కు మోరిస్‌ మానో, సిగ్నల్స్‌కు ఓపెన్‌హైమ్‌, ఎలక్ట్రోమాగ్నెటిక్స్‌కు సాదికు వంటివి చాలా కళాశాల గ్రంథాలయాలలో దొరుకుతాయి, కొననవసరం లేదు. ఇంట్లో మగ్గం చప్పుడుకు ఏకాగ్రత కుదరని విద్యార్థికి కళాశాల గ్రంథాలయమే చదువుల గది. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనాన్ని నెలకొల్పిన ప్రాంతమిది. గ్రంథాలయంలో కూర్చొని చదవడం ఇక్కడివారికి ఎవరూ నేర్పవలసిన విద్య కాదు.

నవంబరు, డిసెంబరు నెలలను సెమిస్టర్‌ పరీక్షలు మింగేస్తాయి కనుక దసరా నాటికే పాఠ్యాంశాలలో అధిక భాగం ముగించాలి. సంక్రాంతి సెలవుల నాటికి కొత్త పాఠమేదీ మిగలకూడదు. అక్కడి నుంచి పూర్తి నిడివి నమూనా పరీక్షలు రాయడం, చేసిన తప్పులను వేరే నోటు పుస్తకంలో రాసుకోవడం, అంతే. ఆ తప్పుల పుస్తకం చివరి పది రోజులలో ఏ గైడు కన్నా విలువైనది.

ఫలితం వచ్చాక

అర్హత మార్కు, సీటు తెచ్చే మార్కు ఒకటి కావు. జనరల్‌ విభాగంలో 25 మార్కులు, లేదా అభ్యర్థుల సగటుకు ప్రామాణిక విచలనం కలపగా వచ్చే సంఖ్య, వీటిలో ఏది ఎక్కువైతే అది అర్హత. పాత ఐఐటీలలో వీఎల్‌ఎస్‌ఐ వంటి కోర్సులకు అంతకన్న ఎంతో ఎక్కువ రావాలి. స్కోరుతో ఎంటెక్‌లో చేరిన పూర్తికాల విద్యార్థికి ఏఐసీటీఈ ఉపకార వేతనం నెలకు రూ.12,400. కొన్ని ప్రభుత్వరంగ సంస్థలు కూడా ఈ స్కోరు ఆధారంగా ఇంజినీర్లను ఎంపిక చేస్తాయి, వాటికి విడిగా దరఖాస్తు చేసుకోవాలి.

మన విద్యార్థులు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. మంచి ర్యాంకు వచ్చిందని స్వీట్లు పంచి, కౌన్సెలింగ్‌ పిలుపు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. ఇంటర్‌ తరువాత ఈఏపీసెట్‌లో జరిగినట్లు ఒకే కౌన్సెలింగ్‌ ఇక్కడ ఉండదు. ఐఐటీలలో ఎంటెక్‌కు ఏ ఐఐటీకి ఆ ఐఐటీకి విడివిడిగా దరఖాస్తు చేయాలి. ఆపైన సీటు స్వీకరించడం కోప్‌ పోర్టల్‌ ద్వారా జరుగుతుంది. వరంగల్‌, తాడేపల్లిగూడెం సహా ఎన్‌ఐటీలకు సీసీఎంటీ కౌన్సెలింగ్‌ వేరుగా ఉంటుంది. గడువులు మార్చి నుంచి వరుసగా ముగుస్తుంటాయి. ఫలితాలు రాకముందే ఏయే సంస్థల ప్రకటనలు ఎప్పుడు వెలువడతాయో రాసి పెట్టుకోవాలి.

అనుకున్న ర్యాంకు రానివారు రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాలలో ఎంటెక్‌ కోసం ఏపీ పీజీఈసెట్‌ రాయవచ్చు. 120 ప్రశ్నలు, రెండు గంటలు, కోత లేదు. ఆ కౌన్సెలింగ్‌లో గేట్‌ అర్హులకే మొదటి ప్రాధాన్యం కాబట్టి, అర్హత మాత్రమే సాధించినవారు ఆ స్కోరు కార్డును పారవేయకుండా భద్రపరచుకోవాలి.