ఒకే గాలి: కొందరికి మరణం, కొందరికి ప్రాణం

2020 మే 7, రమజాన్ మాసం. సహరీకి మేల్కొనే వేళ, సుమారు 3 గంటలకు, విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి ఊరిని కమ్మివేసింది. 12 మంది మరణించారు. వందలాదిమంది ఆసుపత్రుల పాలై బ్రతికి బయటపడ్డారు. ఎందుకీ భేదం?

ఆయుర్దాయం అల్లాహ్ చేతిలోనిదే. అయినా ‘ఆయువు తీరింది’ అని సరిపెట్టుకొంటే మన బాధ్యత తీరదు, కారణాలు తెలుసుకోవాలి.

మొదటిది మోతాదు: ఎంత విషం, ఎంతసేపు పీల్చారన్నది. గాలి వీచే దిశనుబట్టి ఇంటింటికీ ఇది మారుతుంది. స్టైరీన్ ఆవిరి గాలికన్నా మూడున్నర రెట్లు బరువైనది. నేలనంటి పల్లానికి ప్రాకుతుంది. నేలపై నిద్రించేవారికి, స్పృహ తప్పి పడినవారికి ముప్పు అధికం.

రెండవది దేహం. స్టైరీన్‌ను కాలేయం మార్చగా మూత్రం ద్వారా వెలువడుతుంది. ఆ శక్తి అందరిలో సమానం కాదు. పసిపిల్లలు తమ బరువుకు మించి గాలి పీలుస్తారు. ఉబ్బసరోగుల ఊపిరితిత్తులు ముందే బలహీనం.

మూడవది హెచ్చరిక. ఆ రాత్రి ప్రమాద సైరన్ మోగలేదని ప్రభుత్వ ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది.

దేహాన్ని మనం మార్చలేము. హెచ్చరికను మాత్రం అడిగి సాధించుకోగలము. కర్మాగారాల నీడన నివసించే ప్రతి కుటుంబమూ గాలికి అడ్డంగా, ఎత్తైన చోటికి చేరే దారిని నేడే పిల్లలకు చూపించాలి.