‘అనుకోను’ అన్నచో అర్థమేమి? – ఆంగ్లములో తలంపు క్రియల తీరు

మా వీధిలో పదవ తరగతి చదువు పిల్లవాడొకడు ఒకనాటి సాయంత్రము అనువాదపు నోటుపుస్తకము పట్టుకొని మా యింటికి వచ్చెను. ‘అతడు రాడని నా ఉద్దేశము’ అను వాక్యమును అతడు ‘ఐ థింక్ దట్ హి విల్ నాట్ కమ్’ అని అనువదించియుండెను. ఉపాధ్యాయులు దానిని ఎఱ్ఱసిరాతో కొట్టివేసి, పైన ‘ఐ డోంట్ థింక్ దట్ హి విల్ కమ్’ అని వ్రాసిరి.

“మాస్టారూ, నేను అనుకుంటూనే ఉన్నాను గదా! అనుకోవడం లేదని ఎందుకు రాయాలి?” అని పిల్లవాని ఫిర్యాదు.

నేను భౌతికశాస్త్రము చెప్పువాడను. ఆంగ్ల వ్యాకరణము నా వృత్తి కాదు. అయినను ఆ ప్రశ్నలో బలమున్నదని నాకు తోచినది. మొదటనే చెప్పవలసినదేమనగా, పిల్లవాని వాక్యము తప్పు కాదు. ఆంగ్లేయులు అట్లును అందురు. తరచుగా వారి నోట వచ్చునది మాత్రము ఉపాధ్యాయులు వ్రాసిన వాక్యమే. కొట్టివేయుటకు బదులు దానిని ప్రక్కన వ్రాసియుండిన సరిపోయెడిది.

ఇప్పుడు ఫిర్యాదును పరిశీలింతము. ‘అతడు వచ్చును’ అను విషయమును గూర్చి ఒకని మనస్సు మూడు స్థితులలో ఏదో ఒకదానియందు ఉండును. వచ్చునని అతడు తలపవచ్చును, రాడని తలపవచ్చును, లేదా ఏ తలంపును లేక ఊరకుండవచ్చును. ‘వచ్చునని తలపను’ అన్న వాక్యమును అక్షరాల తీసికొన్నచో అది మొదటి స్థితిని మాత్రమే త్రోసివేయును. తక్కిన రెండింటిలో ఏది నిజమో చెప్పదు. ఆ లెక్కన నా యెదుటనున్న బల్లకూడ ‘అతడు వచ్చునని’ తలపదు! కాని వాడుకలో వినువాడు అట్లు తీసికొనడు. ‘రాడని ఇతని అభిప్రాయము’ అనియే గ్రహించును. అనగా మధ్యనున్న స్థితి, ఏ తలంపును లేని స్థితి, చెప్పకుండగనే మాయమైపోవుచున్నది.

ఇది ఆంగ్లేయుల వింత మాత్రమే కాదు. “ఇవాళ వాన పడుతుందనుకోను” అని మన యింటిలో ఎవరైన అన్నచో, వారికి వానను గూర్చి ఏ అభిప్రాయమును లేదని మనమనుకొనము. గొడుగు ఇంటిలోనే వదలి పోదుము. అయితే తెలుగున ప్రధానక్రియ వాక్యము చివర నుండును గనుక ‘కాదు’ అను భావము కడపట వచ్చి చేరును. ఆంగ్లమున ప్రధానక్రియ ముందే వచ్చును గనుక, రాబోవు విషయమేమో తెలియకమునుపే ‘డోంట్’ వినబడును. పిల్లవానికి తెలుగులో కనబడని వింత ఆంగ్లములో కనబడుటకు ఇదియే కారణమని నేను తలంచుచున్నాను.

పండితులు ఈ సంగతిని చాలకాలము క్రిందటనే గుర్తించిరి. డెన్మార్కు దేశీయుడైన ఒట్టో యెస్పర్సన్ 1917 లో ఆంగ్లమునందును ఇతర భాషలయందును గల నిషేధమును గూర్చి ప్రకటించిన గ్రంథములో దీనిని చర్చించెను. 1963 లో ఛార్లెస్ ఫిల్‌మోర్ అను అమెరికను భాషాశాస్త్రజ్ఞుడు ఒక ధైర్యమైన మాట చెప్పెను: ‘నాట్’ అనునది నిజమునకు ఉపవాక్యములోనే పుట్టి, పిమ్మట ప్రధానక్రియ యొద్దకు ఎగబ్రాకును. ఆ తరువాత దీనికి ‘నిషేధము పైకి జరుగుట’ అను అర్థము గల పేరు స్థిరపడినది.

ఊహకు సాక్ష్యము కావలెను గదా. రెండు సాక్ష్యములు చూడుడు. ఆంగ్లమున వాక్యము చివర చిన్న ప్రశ్నను తగిలించు అలవాటు కలదు. వాక్యము నిషేధమైనచో ప్రశ్న నిషేధము లేకుండ వచ్చును: ‘హి విల్ నాట్ కమ్, విల్ హి?’. ఇప్పుడు ‘ఐ డోంట్ థింక్ హి విల్ కమ్’ అను వాక్యమునకు తగులు ప్రశ్న ఏది? ‘విల్ హి?’ అనునదే. ‘వోంట్ హి?’ అన్నచో ఆంగ్లేయుని చెవికి పొసగదు. అనగా ‘హి విల్ కమ్’ అను భాగములో ‘నాట్’ కంటికి కనబడకున్నను, ఉన్నట్లే ఆ ప్రశ్న ప్రవర్తించుచున్నది.

రెండవ సాక్ష్యము ‘అంటిల్’ అను మాట. ‘హి విల్ నాట్ అరైవ్ అంటిల్ మండే’ అనవచ్చును. ‘నాట్’ తీసివేసి ‘హి విల్ అరైవ్ అంటిల్ మండే’ అనరాదు. చేరుట ఒక్క క్షణములో ముగియు పని. సోమవారము వరకు సాగునది కాదు. అందుచేత అచ్చట ‘అంటిల్’ నిలుచుటకు ‘నాట్’ ఊతము కావలెను. ‘ఐ డోంట్ థింక్ హి విల్ అరైవ్ అంటిల్ మండే’ అను వాక్యము చక్కగా నున్నది. ‘థింక్’ తీసి ‘క్లెయిమ్’ పెట్టి చూడుడు, వాక్యము కుంటుపడును. కనుక అన్ని క్రియలును ఒక్క తీరువి కావు. ‘థింక్, బిలీవ్, సపోజ్, ఎక్స్‌పెక్ట్, ఇమాజిన్’ అను క్రియలు ‘నాట్’ను తమ వద్దకు రానిచ్చి అర్థమును క్రిందికి పంపును. ‘నో, సే, రిగ్రెట్, ఫర్గెట్’ అట్లు పంపవు. ‘ఐ డిడ్ నాట్ సే దట్ హి వాజ్ ఎ థీఫ్’ అన్నవాడు, అతడు దొంగ కాడని చెప్పినట్లు కాదు.

ఎందుకీ భేదము? లారెన్స్ హార్న్ అను అమెరికను పండితుడు చూపిన మార్గము నావంటి లెక్కలవానికి మిక్కిలి నచ్చినది. సంభావ్యతను 0 నుండి 1 వరకు గల కొలబద్దగా భావింపుడు. ‘సర్టెన్’, అనగా నిశ్చయము, 1 వద్ద నున్నది. ‘నిశ్చయము కాదు’ అన్నచో 1 కంటె తక్కువైన ఏ విలువయైనను కావచ్చును. ‘కాదని నిశ్చయము’ అన్నచో సరిగా 0. ఈ రెంటికి నడుమ కొలబద్ద అంతయు పరచుకొని యున్నది. ఒకదానికి బదులు ఇంకొకటి వాడినచో ఘోరమైన పొరపాటగును. ‘పాసిబుల్’ కథయు అంతే, తలక్రిందుగా. ‘సాధ్యము కాదు’ అనగా 0. ‘కాకుండుట సాధ్యము’ అనగా 1 తప్ప ఏదైనను సరే.

ఇప్పుడు ‘లైక్‌లీ’ని చూడుడు. దాని స్థానము సగమునకు కొంచెము పైన, 0.6 అని అనుకొందము. ‘ఇట్ ఈజ్ నాట్ లైక్‌లీ దట్ ఇట్ విల్ రెయిన్’ అన్నచో వాన సంభావ్యత 0.6 కు మించలేదన్నమాట. ‘వాన రాకుండుటకే అవకాశమెక్కువ’ అన్నచో అది 0.4 కంటె తక్కువ. నడుమ మిగిలినది 0.4 నుండి 0.6 వరకు గల చిన్న సందు మాత్రమే. ఆ సందును మాటలాడువారు ఒక్క అంగలో దాటివేయుదురు. ‘థింక్’, ‘బిలీవ్’ అనునవి కూడ ఇట్లే మధ్యస్థమైన బలముగలవి. ‘నో’ అనునది కొలబద్ద కొసనున్నది గనుక అచ్చట దాటుట కుదరదు.

ఈ సూత్రమునకు లొంగని మొండిఘటము ఒకటి కలదు: ‘హోప్’. బలములో ఇదియు మధ్యస్థమే. అయినను ఆంగ్లేయుడు ‘ఐ హోప్ దట్ ఇట్ విల్ నాట్ రెయిన్’ అనునే గాని ‘ఐ డోంట్ హోప్ దట్ ఇట్ విల్ రెయిన్’ అనడు. బదులు చెప్పునప్పుడును ‘ఐ డోంట్ థింక్ సో’ అనును. ‘ఐ డోంట్ హోప్ సో’ అనడు, ‘ఐ హోప్ నాట్’ అనును. భాష కొలబద్దకు పూర్తిగా కట్టుబడదు.

‘నాట్’ నిజముగా జరుగునా యన్న వివాదము నేటికిని తెగలేదు. 1973 లో రెనాటె బార్ట్ష్ అను జర్మను పండితురాలు అట్టి కదలిక లేనే లేదని వాదించెను. ఒక విషయమును గూర్చి నోరువిప్పిన వానికి అటో ఇటో ఒక అభిప్రాయముండునని వినువాడు ముందే అనుకొనును. ‘అటు కాదు’ అనగానే ‘ఇటు’ అని తేల్చుకొనును. అంతే తప్ప మాట ఎక్కడికిని కదలలేదు. 2014 లో క్రిస్ కాలిన్స్, పాల్ పోస్టల్ అనువారు ఒక పూర్తి గ్రంథము వ్రాసి కదలిక పక్షమును మరల నిలబెట్టిరి.

రెండు వాక్యములును ముమ్మూర్తుల ఒకటే యనికూడ అనుకొనరాదు. ‘ఐ డోంట్ థింక్ యు ఆర్ రైట్’ అనుటలో మెత్తదనము కలదు. ‘నాట్’ తాను నిషేధించు మాటకు ఎంత దూరమైన, దెబ్బ అంత తేలికగా తగులును. 1869 లో జీవశాస్త్రజ్ఞుడు థామస్ హక్స్‌లీ ‘ఎగ్నాస్టిక్’ అను క్రొత్తమాటను కల్పించెను. ‘ఐ డోంట్ బిలీవ్’ అన్న వానిని జనులు ‘లేదని నమ్మువాడు’గా లెక్కించునపుడు, ఏ పక్షమును నమ్మని వానికి వేరొక పేరు కావలసియే వచ్చును గదా.

విజ్ఞానశాస్త్ర విద్యార్థికి ఇందులో ఒక చిక్కు పొంచియున్నది. ‘షో, ప్రూవ్, ఫైండ్’ అనునవి ‘థింక్’ జాతివి కావు. 1887 లో మైకెల్సన్, మోర్లీ అనువారు ఈథరులో భూమి గమనమును కనిపెట్టుటకు ప్రయోగము చేసిరి. కాంతి పట్టీలు పట్టీ వెడల్పులో సుమారు 0.4 వంతు జరుగునని లెక్క తేలినది. కనబడినది అందులో ఇరువదవ వంతుకంటె తక్కువ. ప్రయోగము ఈథరు ఉన్నదని చూపలేదు. కాని లేదని చూపినదా? అట్లయినచో 1889 లో ఫిట్జ్‌జెరాల్డ్, 1892 లో లోరెంజ్, గమనదిశలో వస్తువులు కుంచించుకొనునని చెప్పి ఈథరును నిలుపుకొనుటకు చోటుండెడిది కాదు. దానితో పనిలేదని ఐన్‌స్టయిన్ చెప్పినది 1905 లో.

పిల్లవాడు ఇదంతయు విని తన ప్రయోగశాల రికార్డు తీసెను. అందులో ‘ది ఎక్స్‌పెరిమెంట్ డిడ్ నాట్ షో దట్ ది వైర్ గాట్ హాట్’ అని ఒక వాక్యమున్నది.

“తీగ వేడెక్కలేదనే కదా నువ్వు రాసింది?” అంటిని.

“కాదు మాస్టారూ, ఆ రోజు థర్మామీటరు పగిలిపోయింది” అనెను.

ఆ వాక్యమును నేను కొట్టివేయలేదు. థర్మామీటరు సంగతికూడ దాని క్రింద వ్రాయుమంటిని.