అద్దం బీరువా కొనేటప్పుడు

కర్నూలు, కడప పల్లెల్లో ఆడపిల్ల పెళ్లి కుదిరిందంటే సారె సామాన్ల మాట వస్తుంది. మంచం, పరుపు, బిందెలు, స్టీలు సామాన్లు. వాటితో పాటు బీరువా. దాని తలుపుకు నిలువుటద్దం ఉండాల్సిందే.

పట్నాల్లో పడకగదిలో అద్దం బల్ల వేరేగా పెట్టుకుంటారు. దాన్ని డ్రెస్సింగ్ టేబుల్ అంటారు. పల్లె ఇంట్లో రెండు గదులుంటే అదే గొప్ప. అందుకే అద్దం బీరువా. బట్టలు, కాగితాలు, నగలు లోపల. అద్దం బయట. ఒక్క వస్తువుతో రెండు పనులు.

1923లో బొంబాయిలో గోద్రెజ్ కంపెనీ ఇనుప బీరువాలు చేయడం మొదలుపెట్టింది. ఆ పేరు ఎంత పాకిందంటే, ఎవరు చేసిన బీరువానైనా కొందరు గోద్రెజ్ బీరువా అనే అంటారు. పేరు విని డబ్బు ఇవ్వకండి. దగ్గరి పట్నాల్లోనే రేకు వంచి, అతికి, రంగు వేసి బీరువాలు చేస్తారు. వాటిలో మంచివీ ఉంటాయి, నాసివీ ఉంటాయి. రంగు చూస్తే తేడా తెలియదు. రేకు చూడాలి.

రేకు మందాన్ని గేజీలలో చెబుతారు. ఇక్కడ ఒక తిరకాసు ఉంది.

“అన్నా, ఇది ఎన్ని గేజీల రేకు?”

“ఇది 24 గేజీ అమ్మా. పక్కది 22 మాత్రమే. ఇదే ఎక్కువ.”

ఇట్లా చెబితే తలూపకండి. ఎక్కువైంది అంకె. రేకు కాదు. గేజీ అంకె పెరిగేకొద్దీ రేకు పలచబడుతుంది. 18 గేజీ రేకు ఒక మిల్లీమీటరు కన్నా కొంచెం మందం. 22 గేజీ సుమారు ముప్పావు మిల్లీమీటరు. 24 గేజీ అర మిల్లీమీటరు కన్నా కొంచెమే ఎక్కువ. కొందరు తలుపులకు మంచి రేకు వేసి, వెనక వైపు పలచని రేకు వేస్తారు. అందుకే రెండూ అడగండి. తలుపు మధ్యలో, పక్కన, వెనక బొటనవేలితో గట్టిగా నొక్కండి. లోపలికి పోయి టప్పుమని బయటికొస్తే పలచని రేకే.

తలుపు పూర్తిగా తెరిచి కొంచెం పైకి ఎత్తి చూడండి. అద్దం బరువంతా బందుల మీదే పడుతుంది. బందులు వదులుగా ఉంటే తలుపు కదులుతుంది. కొన్నాళ్లకు కిందికి జారి బీగం పడదు. వంగి అడుగు భాగం కూడా చూడండి. అక్కడ రంగు సరిగా వేయకపోతే తుప్పు అక్కడే మొదలవుతుంది.

ఇక అద్దం. అద్దం వెనక పలచటి వెండి పూత ఉంటుంది. ఈ పద్ధతిని 1835లో జర్మనీ దేశంలో లీబిగ్ అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు. ఇప్పుడు చవక అద్దాలకు అల్యూమినియం పూత కూడా వేస్తారు. పూత చెడకుండా దాని మీద రంగు వేస్తారు. చెమ్మ తగిలితే పూత అంచుల నుంచి నల్లబడుతుంది. అందుకే కొనేటప్పుడే నాలుగు అంచులూ చూడండి. ఇంట్లో అద్దం మీద నీళ్లు చల్లి తుడవకండి. నీళ్లు అంచుల్లోకి దిగుతాయి. పొడిగుడ్డ చాలు.

అద్దం బాగుందో లేదో తెలుసుకోవడానికి ముఖం చూసుకుంటే సరిపోదు. పక్కకు జరిగి, అద్దంలో అంగడి వాకిలి అంచును చూడండి. అది నిట్టనిలువుగా కనిపించాలి. వంకరలు పోతే అద్దం సమంగా లేదు.

అద్దం ఎంత పొడుగు ఉండాలి? మనిషి పొడుగులో సగం ఉంటే నిలువెల్లా కనిపిస్తుంది. దూరం జరిగినా, దగ్గరికి వచ్చినా ఈ లెక్క మారదు. 5 అడుగుల మనిషికి రెండున్నర అడుగుల అద్దం చాలు. కానీ అది ఉండే ఎత్తు సరిగా ఉండాలి. అద్దం కింది అంచు నేల నుంచి సుమారు రెండుంపావు అడుగుల ఎత్తులో ఉంటే పాదాలు కనిపిస్తాయి. ఇంకా పైకి ఉంటే చీర కుచ్చిళ్లు కనపడవు. పెద్ద అద్దం అని చెప్పి ఎక్కువ ధర అడిగితే ఈ లెక్క గుర్తుంచుకోండి. అద్దం ముందు నిలబడాల్సింది పెళ్లికూతురు. వీలుంటే ఆమెనే అంగడికి పిలుచుకుపోండి.

పోయే ముందు ఇంటి వాకిలి కొలుచుకోండి. బీరువా సాధారణంగా ఆరున్నర అడుగుల ఎత్తు, మూడు అడుగుల వెడల్పు ఉంటుంది. పాత మిద్దె ఇండ్ల వాకిళ్లు పొట్టివి. బీరువాను పక్కకు వాల్చి లోపలికి తేవాలి. వాల్చినా, బండి మీద పడుకోబెట్టినా అద్దం వైపు కిందికి రాకూడదు.

వాస్తు చూసేవాళ్లు బీరువాను నైరుతి మూల పెట్టమంటారు. పెట్టుకోవచ్చు. అయితే ఆ గోడకు చెమ్మ ఉందేమో ముందు చూడండి. గోడకు నాలుగు వేళ్ల ఎడం ఉంచండి. కాళ్ల కింద బేతంచెర్ల బండ ముక్కలు పెడితే కడిగిన నీళ్లు తగలవు. బరువైన సామాన్లు కింది అరలో పెట్టండి. పైన బరువు పెట్టి తలుపులు తెరిస్తే బీరువా ముందుకు ఒరుగుతుంది. పిల్లలున్న ఇంట్లో ఇది ప్రమాదం.

కాగితాలు మాత్రం పై అరలోనే ఉండాలి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలు పట్నం మునిగింది. అటువంటి వరదలో ఇనుప బీరువాను ఎండబెట్టి, తుప్పు గీకి, మళ్లీ రంగు వేసుకోవచ్చు. కట్టెపొడి అతికి చేసిన చెక్క బల్ల నానితే ఉబ్బిపోతుంది. తడిసిన పట్టా కాగితం సంగతి చెప్పనక్కరలేదు. ప్లాస్టిక్ కవరులో పెట్టి పైన ఉంచండి.

కంతుల మీద కొంటే లెక్క కట్టండి. రొక్కానికి 10,000 రూపాయల బీరువా అనుకుందాం. నెలకు 1,000 చొప్పున 12 నెలలు కడితే 12,000 అవుతుంది. పైన 2,000 కంతులకే పోయింది. బిల్లు తప్పక అడగండి. దాని మీద తేదీ, ధర, గేజీ రాయించండి. సామాను చెడ్డదైతే, అంగడి వాళ్లు పట్టించుకోకపోతే వినియోగదారుల ఫోను నంబరు 1915కు చెప్పవచ్చు. అప్పుడు బిల్లే సాక్ష్యం.

మగపెళ్లివారు బీరువా కావాలని పట్టుబడితే అది సారె కాదు, కట్నం. 1961 చట్టం ప్రకారం కట్నం తీసుకోవడమూ నేరమే, ఇవ్వడమూ నేరమే. అడగకుండా పుట్టింటివాళ్లు ఇష్టంతో, తమ తాహతుకు తగ్గట్టు పెట్టింది వేరు. అది పెళ్లికూతురి సొత్తు. అత్తింట్లో ఉన్నా ఆమెదే. సుప్రీంకోర్టు 1985లో ఈ మాట స్పష్టంగా చెప్పింది.

అదే ఏడాది పెండ్లి కానుకలకు నిబంధనలు కూడా వచ్చాయి. పెళ్లికూతురికి వచ్చిన కానుకల పట్టీ రాయాలి. ఏ వస్తువు, సుమారు ఎంత ధర, ఎవరిచ్చారు, వాళ్లు ఏమవుతారు అన్నీ రాయాలి. దాని మీద పెళ్లికూతురు, పెళ్లికొడుకు ఇద్దరూ సంతకాలు చేయాలి. పట్టీ పెళ్లికూతురి దగ్గరే ఉండాలి. సంతకం రాని పెళ్లికూతురు వేలిముద్ర వేయవచ్చు. కానీ ముందు ఎవరైనా ఆ పట్టీని ఆమెకు చదివి వినిపించి, చదివినట్టు తామూ సంతకం చేయాలి. తల్లికి చదువు వస్తే ఆ పట్టీ తల్లే చదివి వినిపించవచ్చు. ఒక నకలు పుట్టింట్లో పెట్టుకుంటే మేలు. బీరువా బిల్లునూ, రెండో బీగంచెవినీ దానితోనే ఉంచండి.