సన్నబియ్యంలో జింకు ఎంత?

తెలంగాణ రేషన్ దుకాణంలో మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. పాలిష్ పట్టిన మామూలు బియ్యంలో కిలోకు 12 నుంచి 16 మిల్లీగ్రాముల జింకు ఉంటుంది. 14 వేసుకుంటే 6 కిలోలకు 84. అవే డీఆర్‌ఆర్ ధాన్ 45 అనే వరి రకం బియ్యమైతే, కిలోకు 22.6 చొప్పున సుమారు 136. ఆడవాళ్లకు రోజుకు 13 మిల్లీగ్రాములు కావాలంటారు కాబట్టి, ఆ తేడా నాలుగు రోజుల అవసరానికి సరిపోతుంది. పిల్లల ఎదుగుదలకూ, విరేచనాలను తట్టుకోవడానికీ జింకు ముఖ్యం.

ఈ రకాన్ని రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ 2016లో విడుదల చేసింది. జన్యుమార్పిడి పంటేమో అన్న అనుమానం అక్కర్లేదు. రకాలను సంకరపరిచి, ఏరి తీసిందే.

‘దుక్కిలో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్ వేస్తున్నాం కదా, చాలదా?’ వేయాల్సిందే. నేలలో లేనిది గింజలోకి రాదు. జింకు సల్ఫేట్ వల్ల ఆకుల మీది తుప్పు మచ్చలు తగ్గుతాయి, పైరు తేరుకుంటుంది. అయితే వేరు ఎంత పీల్చుకోవాలి, అందులో గింజకు ఎంత చేరాలి అన్నది జన్యువుల పని. నికోషియానమైన్ అనే పదార్థాన్ని వరి తానే తయారుచేసుకుంటుంది. అది జింకునూ ఇనుమునూ పట్టుకుని మొక్కంతా తిప్పుతుంది. దాన్ని తయారుచేయించే జన్యువులు కొన్ని, వేరులోకి జింకును రానిచ్చేవి మరికొన్ని. ఇన్ని కలిస్తేనే గింజలో జింకు పెరుగుతుంది కాబట్టి మంచి రకానికి ఏళ్లు పడుతుంది.

మరి ఇనుము? అది ఎక్కువగా గింజ పైపొరలోనే ఉండి, మిల్లులో తవుడుతో పోతుంది. జింకు లోపలి దాకా ఉంటుంది కాబట్టే పాలిష్ తర్వాతా కొంత మిగులుతుంది.

రకాలను కలిపి కావాల్సిన గుణాన్ని చేర్చే పని మన దగ్గర కొత్త కాదు. ఉల్లికోడు పురుగు కరీంనగర్ వరిని పీడిస్తుంటే, జగిత్యాల పొలాస పరిశోధన స్థానం సాంబ మసూరినీ వరంగల్ కావ్యనూ కలిపి జగిత్యాల సన్నాలను తెచ్చింది. గింజ సన్నం, ఉల్లికోడును తట్టుకునే గుణం ఒకే మొక్కలో వచ్చాయి. జింకును కూడా అలాగే చేర్చవచ్చు.

అడ్డంకి ధర దగ్గరుంది. ధాన్ 45 సగటు దిగుబడి ఎకరాకు 20 క్వింటాళ్లు. అంతకంటే ఎక్కువ పండే రకం చేతిలో ఉండగా రైతు దీన్నెందుకు వేస్తాడు? కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటిందా అని చూస్తారు, సన్నవడ్లైతే క్వింటాలుకు 500 బోనస్ ఇస్తారు. జింకు సంగతి ఎవరూ అడగరు. బోనస్‌లో కొంత భాగాన్ని జింకుకు ముడిపెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం. కొలవడం కష్టమేమీ కాదు: గింజను పాడుచేయకుండా, ఎక్స్‌రేతో నిమిషాల్లో జింకు లెక్క చెప్పే యంత్రాలను పరిశోధకులు ఇప్పటికే వాడుతున్నారు. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్, మంచిర్యాల జిల్లాలకు ఒక్కొక్కటి ఇచ్చి, వచ్చే వానాకాలం వడ్లతో మొదలుపెట్టవచ్చు.