ఒక్కసారి చెబితే చాలు!

పెళ్లి భోజనాల్లో ప్రతి విస్తరి దగ్గరా ఆగి ‘ఇక్కడో గరిటె పప్పు వెయ్యి’ అని ఎవరూ చెప్పరు. ‘ఈ బంతికంతా తలో గరిటె’ అంటే చాలు, చివరి విస్తరి దాకా వడ్డన సాగిపోతుంది. కంప్యూటరుతో లెక్కలు చేయించడంలోనూ ఆ సుఖం ఉంది!

ఐరిస్ పూల సంగతే చూడండి. అమెరికా వృక్షశాస్త్రవేత్త ఎడ్గార్ అండర్సన్ సేకరించిన ఆ పూల కొలతల్ని 1936లో రొనాల్డ్ ఫిషర్ తన పరిశోధన వ్యాసంలో వాడుకున్నాడు. సెటోసా, వెర్సికలర్, వర్జినికా... మూడు జాతులు. ఒక్కో జాతివి 50 పూలు. ఒక్కో పువ్వుకీ రక్షక పత్రం, పూరేకుల పొడవు, వెడల్పు కలిపి నాలుగు కొలతలు. అంటే 50 అడ్డు వరుసలు, 4 నిలువు వరుసలతో మూడు పట్టికలు. ఇలాంటి అంకెల పట్టికనే లెక్కల పుస్తకాల్లో మాత్రిక అంటారు. గణాంకాల కోసం వాడే ‘ఆర్’ భాషతోపాటే ఈ కొలతలూ ఉచితంగా వస్తాయి.

ఇప్పుడు మూడింటికీ సగటు కావాలి. చాలామంది మొదటి పట్టికకు ఒక వాక్యం రాసి, దాన్నే కాపీ చేసి పేర్లు మారుస్తారు. చిక్కంతా అక్కడే! మూడోసారి పేరు మార్చడం మర్చిపోతే వర్జినికా పూరేకు సగటు పొడవు 5.55 సెంటీమీటర్లకు బదులు వెర్సికలర్‌ది 4.26 వచ్చి కూర్చుంటుంది. కంప్యూటరు తప్పని చెప్పదు. అంకె నమ్మదగ్గట్టే ఉంటుంది కాబట్టి చూసేవారికీ అనుమానం రాదు.

దీనికి విరుగుడే ‘ఎల్-అప్లై’. మూడు మాత్రికల్నీ ఒక జాబితాలో పెట్టి, చేయాల్సిన పని ఒక్కసారి చెబితే చాలు. ఒక్కోదాన్నీ తీసి, సగటు కట్టి, జవాబుల్ని అదే వరుసలో అందిస్తుంది. పట్టికలు మూడైనా మూడొందలైనా వాక్యం ఒక్కటే. దాని తోబుట్టువు ‘ఎస్-అప్లై’ అయితే జవాబులన్నిటినీ పక్కపక్కన పేర్చి ఒకే మాత్రికగా ఇస్తుంది.

ఇంతకీ ఆర్‌ని తయారుచేసిందెవరంటే... న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్. ఇద్దరి పేర్లలోనూ తొలి అక్షరం ఆర్! అంతకుముందే 1976లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన ‘ఎస్’ భాష దీనికి అక్కలాంటిది. ఆర్ 1.0.0 వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న విడుదలైంది.

అయితే ఒక జాగ్రత్త. ఏదో ఒక పట్టికలో పొడవు, వెడల్పుల వరుసలు తారుమారైతే ఎల్-అప్లై పసిగట్టలేదు. పని మొదలుపెట్టే ముందే వరుసల పేర్లు సరిచూసుకోవాలి. ఇక ఆజ్ఞలోనే తప్పుంటారా... దిద్దాల్సింది ఒక్కచోటే!