పాత బాకీ, కొత్త పద్దు: దిగులు దించుకునే లెక్క

దక్షిణ కోల్‌కతాలోని భవానీపూర్‌లో జదుబాబు బజార్ పాత మార్కెట్. ఏటా ఏప్రిల్ 14న గానీ 15న గానీ, బెంగాలీ సంవత్సరాది నాడు, ఇలాంటి బజార్లలోని బంగారం, బట్టల, కిరాణా దుకాణాల్లో కొత్త లెక్కల పుస్తకం తెరుస్తారు. ఎర్ర గుడ్డ అట్ట వేసిన ఆ పుస్తకాన్ని కొందరు తెల్లవారుజామునే దగ్గరలోని కాళీఘాట్ గుడికి తీసుకెళ్లి పూజ చేయిస్తారు. సాయంత్రం ఖాతాదారులు దుకాణానికి వస్తారు. పాత బాకీలో కొంత కడతారు. దుకాణదారు వాళ్ల చేతిలో మిఠాయి పెట్టె, కొత్త క్యాలెండరు పెడతాడు. ఈ ఆచారం పేరు హాల్‌ఖాతా. కంప్యూటర్ బిల్లులు వచ్చాక దీని జోరు తగ్గినా, పూర్తిగా పోలేదు.

ఆ రోజున పాత పుస్తకంలోని పద్దులు మూడు రకాలుగా తేలతాయి. కొన్ని పూర్తిగా తీరిపోతాయి. కొన్ని తీరకపోయినా, ఎవరు ఎంత ఇవ్వాలో, ఎప్పటికి ఇస్తారో మాట్లాడుకుని కొత్త పుస్తకానికి ఎక్కిస్తారు. ఇక కొన్ని రావని తేలిపోయిన బాకీలు. వాటిని కొట్టివేయక తప్పదు. బాకీలన్నీ వసూలయ్యాకే కొత్త పుస్తకం తెరవాలని పట్టుపడితే ఏ వ్యాపారీ ఏ ఏడాదీ తెరవలేడు.

రాబోయే ఏడాది గురించి ఆలోచిస్తూ నిద్ర పట్టని మనిషి తలలోనూ ఇలాంటి పద్దులే ఉంటాయి. అమ్మాయి కాలేజీ సీటు, ఇంటి అప్పు, తల్లి మోకాలి ఆపరేషన్, ఆరు నెలలుగా వాయిదా పడుతున్న బీమా కాగితాలు. వీటిని మనసు ఎలా మోస్తుంది, ఎలా దించుకుంటుంది అనే ప్రశ్న మీద మనస్తత్వ శాస్త్రవేత్తలు దాదాపు వందేళ్లుగా పనిచేస్తున్నారు. వాళ్లు చేరిన చోటు హాల్‌ఖాతాకు చాలా దగ్గరగా ఉంది.

తెగని పని ఎందుకు వదలదు?

1920లలో బెర్లిన్‌లో కర్ట్ లెవిన్ అనే మనస్తత్వవేత్త దగ్గర బ్లూమా జైగార్నిక్ అనే పరిశోధకురాలు ఉండేవారు. ఆమె కొంతమందికి చిన్న చిన్న పనులు ఇచ్చి, వాటిలో సగం పనులను మధ్యలోనే ఆపించారు. పూర్తయిన పనులకంటే మధ్యలో ఆగినవే వాళ్లకు ఎక్కువగా గుర్తున్నాయని 1927లో ప్రకటించారు. తర్వాతి కాలపు ప్రయోగాలలో ఈ జ్ఞాపకశక్తి ఫలితం నిలకడగా కనిపించలేదు. కానీ అదే బృందంలోని మరియా ఒవ్‌సియాంకినా గమనించిన మరో విషయం గట్టిగా నిలబడింది. ఆగిన పనిని పూర్తిచేయమని ఎవరూ చెప్పకపోయినా, అవకాశం దొరకగానే మనుషులు దాని దగ్గరికే తిరిగి వెళ్తారు.

మొదలుపెట్టిన లక్ష్యం తెగేదాకా మనసు దాన్ని తెరిచే ఉంచుతుందన్నమాట. అడవిలో వేట మధ్యలో వదిలేసిన మనిషికి ఇది మేలు చేసి ఉండవచ్చు. ఒకేసారి ఇరవై పనులు తెరిచి ఉంచుకున్న నేటి మనిషికి మాత్రం బరువు. ఒక సమయంలో మనసులో పట్టి ఉంచగలిగే సమాచారం చాలా కొద్ది. అందులో కొంత చోటు దిగులు ఆక్రమిస్తే చేతిలో ఉన్న పనికి మిగిలేది తక్కువ.

పని కాకపోయినా బరువు దిగుతుంది

మరి ఆ చోటు ఖాళీ కావాలంటే పని పూర్తికావాల్సిందేనా? అమెరికాలోని ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మాసికాంపో, బౌమైస్టర్ ఈ ప్రశ్నను పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించారు. చేయవలసి ఉండీ చేయని పనులను గుర్తుచేసుకున్నవారికి, తర్వాత నవల చదువుతుంటే ఆ ఆలోచనలే అడ్డుతగిలాయి. అదే, ఆ పనులను ఎప్పుడు ఎలా చేస్తారో స్పష్టంగా రాసుకున్నవారికి ఆ అడ్డు కనిపించలేదు. ఆ సమయానికి వాళ్ల పని ఒక్క అంగుళం కూడా కదల్లేదు. నమ్మదగిన ప్రణాళిక ఒకటి ఏర్పడగానే మనసు కాపలా తగ్గించింది. తీరని బాకీ కొత్త పుస్తకానికి ఎక్కడమంటే ఇదే.

నిద్ర విషయంలోనూ ఇలాంటి ఫలితమే వచ్చింది. బేలర్ విశ్వవిద్యాలయంలో మైఖేల్ స్కలిన్ బృందం 57 మంది యువతీయువకులను నిద్ర ప్రయోగశాలలో పరీక్షించి, 2018లో వివరాలు వెల్లడించింది. పడుకునే ముందు ఐదు నిమిషాలు కొందరు రాబోయే రోజుల్లో చేయాల్సిన పనులు రాశారు. మిగిలినవారు అప్పటికే పూర్తిచేసిన పనులు రాశారు. మొదటి వర్గానికి సగటున తొమ్మిది నిమిషాలు ముందుగా నిద్రపట్టింది. చేయాల్సిన పనులను ఎంత వివరంగా రాస్తే నిద్ర అంత త్వరగా వచ్చింది. ఇది చిన్న అధ్యయనం, పాల్గొన్నవారు ఆరోగ్యవంతులు. నిద్రలేమి రోగులకూ ఇంతే మేలు జరుగుతుందని దీన్నిబట్టి చెప్పలేం.

ఇక్కడ కీలకం వివరం. 'ఈ ఏడాది ఆరోగ్యం చూసుకోవాలి' అనేది కోరిక. 'సోమవారం పొద్దున పిల్లల బస్సు వెళ్లగానే అరగంట నడవాలి' అనేది ప్రణాళిక. ఫలానా సమయం వస్తే ఫలానా పని అని ముందే ముడివేసుకునే ఈ పద్ధతిని జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ ప్రతిపాదించారు. దాని మీద జరిగిన 94 పరీక్షలను 2006లో ఒకచోట చేర్చి చూస్తే, ఉత్త సంకల్పం కంటే ఇలా ముడివేసిన సంకల్పం గణనీయంగా ఎక్కువగా నెరవేరుతోందని తేలింది.

గడువు దగ్గర తప్పే లెక్క

ప్రణాళిక మనసును తేలికపరచాలంటే అది నమ్మదగినదై ఉండాలి. మనుషులు సాధారణంగా పొరపడేది గడువు దగ్గరే. దీన్ని 1979లో డేనియల్ కానమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 'ప్రణాళికా భ్రమ' అన్నారు. 1994లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, తమ పరిశోధన వ్యాసం సుమారు 34 రోజుల్లో ముగుస్తుందని విద్యార్థులు అంచనా వేశారు. సగటున 55 రోజులకు పైగా పట్టింది. అన్నీ ఎదురుతిరిగితే ఎన్నాళ్లు పడుతుందని అడిగినప్పుడు వాళ్లు చెప్పిన దాదాపు 49 రోజులు కూడా చాలలేదు.

పెద్ద పనుల్లో ఏం జరుగుతుందో చూడటానికి భవానీపూర్ నేల కిందికి దిగితే చాలు. దేశంలో తొలి మెట్రో రైలు 1984 అక్టోబరు 24న ఎస్‌ప్లనేడ్ నుంచి భవానీపూర్ వరకు 3.4 కిలోమీటర్లు నడిచింది. నేటి నేతాజీ భవన్ స్టేషనే ఆనాటి భవానీపూర్ స్టేషన్. ఆ మార్గానికి శంకుస్థాపన 1972 డిసెంబరులో జరిగింది. టాలీగంజ్ నుంచి డమ్‌డమ్ దాకా మొత్తం పూర్తయింది 1995లో. నిధుల కొరత, నేలలోని పైపులను, తీగలను పక్కకు మార్చాల్సి రావడం, కోర్టు ఉత్తర్వులు పనిని సాగదీశాయి. ఇలాంటి అడ్డంకులు ఏ ఒక్కటీ ముందే కచ్చితంగా తెలియదు. ఏదో ఒకటి వస్తుందని మాత్రం తెలుసు.

అందుకే, ఈ పని ఎలా సాగుతుందని ఊహించుకోవడం కంటే, ఇలాంటి పనులు ఇంతకుముందు ఎన్నాళ్లు తీసుకున్నాయో చూడాలని కానమన్ సూచించారు. నిరుడు ఇంటికి సున్నాలు వేయించడానికి నెల పడితే, ఈసారి పది రోజుల్లో అయిపోతుందని రాసుకోవడం రాబోయే దిగులును ఇప్పుడే కొనితెచ్చుకోవడమే.

రాని బాకీలు

ప్రణాళికకు లొంగని పద్దులూ ఉంటాయి. వానలు ఎలా ఉంటాయి? ఉద్యోగం ఉంటుందా? వీటికి వేరే ఉపాయం కావాలి. అమెరికాలో థామస్ బొర్కోవెక్ బృందం 1983లో ఒక పద్ధతిని పరీక్షించింది. రోజూ ఒకే చోట, ఒకే వేళ, అరగంట సేపు దిగులు పడటానికే కేటాయించాలి. మిగతా వేళల్లో దిగులు వస్తే దాన్ని గుర్తించి, ఆ అరగంటకు వాయిదా వేసి, చేతిలోని పనికి తిరిగి రావాలి. నాలుగు వారాల్లో పాల్గొన్నవారి దిగులు తగ్గింది. ఆలోచించవద్దు అంటే మనసు వినదు గానీ, తర్వాత ఆలోచిద్దాం అంటే చాలాసార్లు వింటుంది.

2020లో వెలువడిన మరో అధ్యయనంలో ఆందోళన రుగ్మత ఉన్న 29 మంది తమ దిగుళ్లను రాసిపెట్టి, అవి నిజమయ్యాయో లేదో తర్వాత సరిచూసుకున్నారు. సగటున 91 శాతం నిజం కాలేదు. రాయకుండా వదిలేస్తే ఈ లెక్క ఎప్పటికీ తేలదు. జరగని చెడును మనసు జమ కింద రాసుకోదు.

ఇక అందదని తేలిపోయిన లక్ష్యాన్ని వదులుకోవడం ఓటమేమీ కాదు. కెనడాలో కార్‌స్టెన్ రోష్ బృందం 2003లో ప్రచురించిన పరిశోధనలో, అలాంటివి వదిలి కొత్త లక్ష్యం వెతుక్కోగలిగినవారి మానసిక స్థితి మెరుగ్గా కనిపించింది.

ఏ రోజున తెరవాలి?

హెంగ్‌చెన్ దాయ్, కేథరీన్ మిల్క్‌మన్, జేసన్ రిస్ 2014లో చూపించినదాని ప్రకారం వారం, నెల, ఏడాది మొదలైనప్పుడు, పుట్టినరోజు తర్వాత జనం వ్యాయామశాలకు ఎక్కువగా వెళ్తారు. పాత తప్పులు పాత కాలానివి అనిపించడమే ఆ ఉత్సాహానికి కారణమని వాళ్ల వివరణ. అయితే అది మొదలుపెట్టడానికే ఊతం. కొనసాగించడానికి కాదు.

ఆ తేదీకి ఆకాశంలో ప్రత్యేక బలమేమీ అక్కర్లేదు. భవానీపూర్‌లో చాలాకాలంగా స్థిరపడిన గుజరాతీ వ్యాపారుల్లో కొత్త పుస్తకానికి పూజ దీపావళికి జరుగుతుంది. తెలుగువారు ఉగాది నాడు ఆదాయ వ్యయాలు వింటారు. మేఘనాద్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం దేశంలో సుమారు 30 రకాల పంచాంగాలు వాడుకలో ఉన్నట్టు గుర్తించింది. అంటే పుస్తకం తెరవడానికి ఏడాదిలో ఎన్నో రోజులున్నాయి. వచ్చే సోమవారం కూడా పనికొస్తుంది.

ఒక్క హెచ్చరిక. ఆరు నెలలుగా దాదాపు రోజూ అదుపులేని దిగులు, దానితోపాటు నిద్ర, ఆకలి, పని దెబ్బతినడం ఉంటే అది కాగితం మీద తేలే లెక్క కాదు. చికిత్స ఉన్న జబ్బు. కోల్‌కతాలో ఎస్‌ఎస్‌కేఎం ఆసుపత్రికి అనుబంధంగా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీ ఉంది. దేశంలో ఎక్కడినుంచైనా 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ సేవ ఉచితంగా అందుతుంది. తెలుగులోనూ మాట్లాడవచ్చు.

మిగతావారికి ఒక కాగితం, ఒక అరగంట చాలు. తలలో ఉన్నవన్నీ రాసి, ఒక్కోదాని పక్కన తీరింది, ఫలానా రోజుకు ఎక్కించాను, కొట్టివేశాను అని గుర్తు పెట్టుకోవచ్చు. హాల్‌ఖాతా మర్నాడు దుకాణదారు తెరిచే పుస్తకంలోనూ బాకీలు ఉంటాయి. అయితే ఏవి ఎవరి పేరున, ఎప్పటికి ఉన్నాయో రాసి ఉంటుంది కాబట్టి వాటిని తలలో మోయనక్కర్లేదు.